ఏజెంట్ తప్పు టూల్ ఎత్తుకుంటోంది: వివరణ ఎలా రాయాలి?

కొత్తగూడ_కోడర్ · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాదాపూర్‌లో పదిమందిమి పనిచేసే చిన్న సంస్థ మాది. నగరం లోపలే పార్సెళ్లు చేరవేసే ఒక కంపెనీ కోసం, ఫిర్యాదులకు చాట్‌లో జవాబు చెప్పే ఏజెంట్‌ను తయారు చేస్తున్నాం. వెనక ఉన్న భాషా మోడల్ చేతికి 14 టూల్స్, అంటే పని చేయించడానికి అది పిలవగల ఫంక్షన్లు, ఇచ్చాం. డెమోలో అన్నీ ముచ్చటగా పనిచేశాయి. అసలు వినియోగదారులు వచ్చాక మొదలైంది తంటా.

పోయిన గురువారం ఒకావిడ ఇలా రాశారు: "ఈ పార్సెల్ నాకు వద్దండి, వాపసు చేసేయండి." పెట్టెను పంపినవాళ్లకే తిప్పి పంపమని ఆవిడ ఉద్దేశం. ఏజెంట్ మాత్రం డెలివరీ రుసుమును ఆవిడ ఖాతాలో వేసేసి, "మీ వాపసు పూర్తయింది" అని చెప్పి చేతులు దులుపుకుంది. పెట్టె మర్నాడు యథాప్రకారం ఆవిడ గుమ్మం ముందుకే వచ్చింది.

మా దగ్గర ఇందుకు రెండు టూల్స్ ఉన్నాయి. ప్రాసెస్_రిటర్న్ డబ్బు వెనక్కిస్తుంది. రిటర్న్_షిప్‌మెంట్ పెట్టెను వెనక్కి పంపుతుంది. మొదటిదాని వివరణ, ఉన్నదున్నట్టు: "రిటర్న్‌ను ప్రాసెస్ చేస్తుంది." రెండోదానిది: "షిప్‌మెంట్‌ను రిటర్న్ చేస్తుంది."

నవ్వకండి. రాసింది నేనే.

మా మేనేజర్ పెద్ద మోడల్‌కు మారదామంటున్నారు. పక్క సీటాయన సిస్టమ్ ప్రాంప్ట్‌లో (మోడల్‌కు ముందే ఇచ్చే సూచనల్లో) ఇంకో నాలుగు హెచ్చరికలు చేరుద్దామంటున్నారు. అది ఇప్పటికే చాంతాడంత ఉంది. టూల్ వివరణలు సరిగ్గా రాస్తే సరిపోతుందా? సరిగ్గా అంటే ఎలా?

పాతమాన్యువల్ · సోమవారం రాత్రి 11:25

ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లు రాశాను, ఎవరూ చదవరని తెలిసే రాశాను. ఇన్నాళ్లకు ప్రతి అక్షరాన్నీ చదివే పాఠకుడు దొరికాడు. అతనికి మీరు "రిటర్న్‌ను ప్రాసెస్ చేస్తుంది" అని రాసిపెట్టారు!

మోడల్‌కు మీ కోడ్ కనిపించదు. టూల్ పేరు, వివరణ, పారామీటర్ల స్కీమా (టూల్‌కు ఇవ్వాల్సిన విలువల పేర్లు, రకాలు), ఈ మూడే దాని ముందుంటాయి. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ (మోడల్ టూల్స్‌ను పిలిచే పద్ధతి) తెచ్చినప్పుడూ ఇంతే, 2024 నవంబరులో ఆంత్రోపిక్ ఎంసీపీని (మోడళ్లకు బయటి టూల్స్‌ను కలిపే ప్రమాణాన్ని) విడుదల చేశాకా ఇంతే. ఫంక్షన్ లోపల మీరు ఎంత జాగ్రత్తగా కామెంట్లు రాసుకున్నా అవి దాని కంట పడవు.

మన వంటిళ్లు తలుచుకోండి. హార్లిక్స్ సీసాలో కందిపప్పు, బిస్కెట్ల డబ్బాలో ఎండుమిర్చి, ఊరగాయ జాడీలో చింతపండు. ఇంట్లోవాళ్లు చీకట్లో కూడా తడుముకోకుండా తీస్తారు. వంట బాగా వచ్చిన చుట్టం వచ్చి పొయ్యి దగ్గర నిలబడితే అన్ని మూతలూ తీసి చూడాల్సిందే. మోడల్ ఆ చుట్టం. వంట రాక కాదు దాని తిప్పలు. పైగా మూత తీసి చూసే అవకాశం దానికి లేదు, సీసా మీద అంటించిన కాగితమే ఆధారం.

మొదటి టూల్‌కు నేనైతే ఇలా రాస్తాను:

"వినియోగదారు చెల్లించిన డెలివరీ రుసుమును వారి ఖాతాకు తిరిగి జమచేస్తుంది. పార్సెల్‌ను ఎక్కడికీ కదిలించదు. పార్సెల్ పోయినప్పుడు, పగిలినప్పుడు, లేదా చెప్పిన తేదీకి రెండు రోజులు దాటినా చేరనప్పుడు వాడాలి. పార్సెల్‌ను పంపినవారికి తిప్పి పంపమని అడిగితే ఇది కాదు, రిటర్న్_షిప్‌మెంట్ వాడాలి. వినియోగదారు వాపసు అన్నప్పుడు డబ్బా, పెట్టా అని ముందు అడగాలి. ఒకసారి జమచేశాక వెనక్కి తీసుకునే వీలు లేదు."

పోయినప్పుడు, పగిలినప్పుడు అన్నవి నా ఊహ. మీ నియమాలు మీరు పెట్టుకోండి. ఆంత్రోపిక్ వాళ్ల పత్రాల్లో కూడా ఒక్కో టూల్‌కు కనీసం మూడు నాలుగు వాక్యాలు రాయమనే ఉంటుంది. వాక్యాల లెక్క నాకంత ముఖ్యం కాదు. "ఇది కాదు, అది వాడాలి" అన్న వాక్యం ఉందా లేదా అన్నదే నేను మొదట వెతుకుతాను. కోడ్ రాసేవాళ్లు టూల్ ఏం చేస్తుందో చెబుతారు కానీ ఏం చేయదో చెప్పడం మరిచిపోతారు.

ఇరానీచాయ్_రెండు · మంగళవారం ఉదయం 8:10

పాతమాన్యువల్ గారూ, "డబ్బా, పెట్టా అని అడగాలి" అని రాశారు. డబ్బా అంటే పెట్టే కదండీ! పెట్టా, పెట్టా అని రెండుసార్లు అడుగుతుంది మీ ఏజెంట్.

సరే, సరదాకు అన్నాను. అసలు విషయంలో కూడా నాది వేరే మాట. వివరణ ఎంత పొడుగవుతుంటే టూల్ అంత చెడ్డదని అర్థం. తలుపు మీద "తోయండి" అని బోర్డు పెట్టాల్సి వచ్చిందంటే పిడి తప్పుగా బిగించినట్టు. ఆరు వాక్యాలు చదివితే తప్ప అర్థం కాని టూల్‌కు ఏడో వాక్యం చేర్చడం వైద్యం కాదు.

2024 డిసెంబరులో ఆంత్రోపిక్ వాళ్లు ఏజెంట్ల గురించి రాసిన వ్యాసంలో ఒక సంగతి ఉంది. వాళ్ల కోడింగ్ ఏజెంట్ మూల ఫోల్డర్‌ను దాటి వెళ్లాక, ఫైలు దారిని (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామాను) తప్పుగా ఇచ్చేది, ఎందుకంటే అది తానున్న చోటినుంచి లెక్కపెట్టిన దారి. వాళ్లు మొదటినుంచీ పూర్తి దారే ఇవ్వాలని టూల్‌నే మార్చేశారు. తప్పు ఆగింది. మొత్తం ప్రాంప్ట్ మీదకన్నా టూల్స్ మీదే ఎక్కువ సమయం పెట్టామని అందులో వాళ్లే చెప్పుకున్నారు.

కోడర్ గారూ, ప్రాసెస్_రిటర్న్ అన్న పేరు తీసేయండి ముందు. పేరే అబద్ధమాడుతుంటే కింద వివరణ ఎంత సర్దిచెప్పినా ఏం లాభం? 14 టూల్స్‌లో రోజూ నిజంగా వాడేవి ఎన్ని? ఇంకేం తప్పులు దొర్లాయో కూడా చెప్పండి.

కొత్తగూడ_కోడర్ · మంగళవారం మధ్యాహ్నం 1:35

భోజనాల దగ్గర "డబ్బా" సంగతి చెబితే ఆఫీసంతా ఒకటే నవ్వు. పాతమాన్యువల్ గారి పేరాను "సొమ్మా, పార్సెలా" అని మార్చి పెట్టేశాను, కృతజ్ఞతలు.

ఇంకేం తప్పులంటే, రెండు చెబుతాను.

డబ్బు జమచేసే టూల్‌లో అమౌంట్ అని ఒక పారామీటర్ ఉంది. రకం పూర్ణాంకం, వివరణ "మొత్తం". చెల్లింపుల గేట్‌వే పైసల్లో తీసుకుంటుందని మా టీమ్‌లో అందరికీ తెలుసు కనుక ఎక్కడా రాయలేదు. 450 రూపాయలు ఇవ్వాల్సిన చోట ఏజెంట్ శుభ్రంగా 450 అని పంపింది. ఆయన ఖాతాలో నాలుగున్నర రూపాయలు పడ్డాయి. స్క్రీన్‌షాట్ పెట్టి, "మిగతాదానికి చిల్లర లేదా?" అని అడిగారాయన.

రెండోది హైదరాబాద్‌కే చెల్లింది. అప్‌డేట్_డెలివరీ అనే టూల్‌లో కొత్త_విలువ అనే ఒకే పారామీటర్ ఉంది. చిరునామా మార్చాలన్నా, తేదీ మార్చాలన్నా అదే. ఒకాయన "ఇల్లు మారాం, 12-5-26, వాటర్ ట్యాంక్ ఎదురుగా" అని రాశారు. ఇక్కడి పాత ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఏజెంట్ డెలివరీని మే 12కు వాయిదా వేసి, "తప్పకుండా అండి, ఆ రోజు వాటర్ ట్యాంక్ దగ్గరకు తెస్తాం" అని మర్యాదగా చెప్పింది.

ఇరానీచాయ్_రెండు · మంగళవారం మధ్యాహ్నం 2:05

అంకెలను తేదీలుగా మార్చేసే పని ఎక్సెల్ ఎన్నో ఏళ్లుగా చేస్తోంది, మోడల్‌ను ఒక్కదాన్నే తిట్టకండి.

కానీ చూశారా, రెండూ నేనన్న కోవలోవే. కొత్త_విలువ అనేది పారామీటర్ కాదు, గోనెసంచి. మార్చు_చిరునామా, మార్చు_తేదీ అని రెండు టూల్స్ చేయండి. ఇంటి నంబర్‌కు వేరే గడి, రకం అక్షరాలు. తేదీకి వేరే గడి, ఏడాది-నెల-రోజు క్రమంలో నాలుగంకెల ఏడాదితో. అప్పుడు 12-5-26 తేదీ గడిలో పట్టదు, స్కీమాయే గెంటేస్తుంది.

పైసల సంగతికి పారామీటర్ పేరునే అమౌంట్_పైసల్లో అని మార్చండి. పేరు చదవకుండా టూల్‌ను పిలవలేదు కదా.

పాతమాన్యువల్ · మంగళవారం సాయంత్రం 6:50

పేరు మార్చాలన్నదానికి నా పూర్తి మద్దతు. రెండు టూల్స్‌గా విడగొట్టడానికీ సరే. కానీ స్కీమా ఆకారాన్నే చూస్తుంది, అర్థాన్ని కాదు. 450 రూపాయల్లోనూ పూర్ణాంకమే, పైసల్లోనూ పూర్ణాంకమే. మోడల్ ఇచ్చేది స్కీమాకు తప్పక సరిపోయేలా ఓపెన్‌ఏఐ 2024 ఆగస్టులో తెచ్చిన కట్టుదిట్టమైన పద్ధతి వాడినా, స్కీమాకు సరిపోయే తప్పును అది ఆపదు. "పైసల్లో ఇవ్వాలి, 450 రూపాయలంటే 45000" అని ఒక్క ముక్క రాయడానికి ఎందుకంత బాధ?

ఇంకోటి. మీరు విడగొట్టుకుంటూ పోతే 14 కాస్తా 30 అవుతాయి. ఒకేసారి 20కి లోపు ఉంచుకోమని ఓపెన్‌ఏఐ తన పత్రాల్లో చెబుతుంది. ప్రతి టూల్ నిర్వచనమూ ప్రతి అభ్యర్థనతోనూ మోడల్ దగ్గరకు వెళ్తుంది, దానికి టోకెన్లు (మోడల్ పాఠాన్ని కోసుకుని చదివే ముక్కలు) ఖర్చు. పక్కపక్కన ఒకేలాంటివి పెరిగేకొద్దీ ఎంచుకోవడమూ కష్టమే. విడగొట్టాల్సినవి విడగొట్టండి, కలపాల్సినవి కలపండి. పార్సెల్ స్థితికి ఒకటి, డ్రైవర్ పేరుకు ఒకటి, చివరిసారి స్కాన్ అయిన చోటుకు ఒకటి అని మూడు ఉన్నాయేమో చూడండి. ఉండే ఉంటాయి.

కొత్తగూడ_కోడర్ · మంగళవారం సాయంత్రం 7:15

ఉన్నాయి. మూడు కాదు, నాలుగు.

ఫోన్‌డెస్క్ · బుధవారం ఉదయం 6:20

నైట్ షిఫ్ట్ దిగి ఇది చదువుతున్నాను. నేను కోడ్ రాయను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాల్‌సెంటర్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను, కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేది నేనే. మీరంతా టూల్ వైపునుంచి మాట్లాడుతున్నారు. ఫోను అవతలివైపునుంచి ఒక మాట.

పాతబస్తీనుంచి వచ్చే కాల్స్ ఎక్కువగా దక్కనీ ఉర్దూలో ఉంటాయి. అందులో "కల్" అంటే నిన్న కూడా, రేపు కూడా. క్రియ చూస్తే తప్ప ఎటువైపో తెలియదు. ఇక "పర్సోం" అంటే నిఘంటువులో మొన్నా ఎల్లుండీనే. హైదరాబాద్‌లో మాత్రం పోయిన రంజానూ కావచ్చు, పెళ్లికి ముందూ కావచ్చు. మన తెలుగేమీ తక్కువ తినలేదు. "మొన్ననే ఇచ్చానండీ" అంటే రెండు రోజుల కిందటా, రెండు నెలల కిందటా? మా పిల్లలకు మొదటి రోజే చెబుతాను: మొన్న అని వినిపిస్తే తేదీ రాయవద్దు, "ఏ వారమండీ?" అని అడుగు.

సొమ్ము విషయంలోనూ అంతే. "పదిహేను వందలు" అంటారు, "ఒకటిన్నర వెయ్యి" అంటారు, రెండూ ఒకటే.

"వాపసు" గురించి మీరిప్పుడు కనిపెట్టినది మా శిక్షణ కాగితంలో రెండో పేజీలోనే ఉంది. మీ క్లయింట్ దగ్గరా ఇలాంటి కాగితం ఏదో ఉంటుంది, అడిగారా? అది ఎవరూ ఇంజనీర్లకు ఇవ్వరు, ఇంజనీర్లూ అడగరు.

కొత్తగూడ_కోడర్ · బుధవారం ఉదయం 9:45

అడగలేదు. ఇప్పుడే మెయిల్ పెట్టాను.

తేదీల మాట వచ్చింది కనుక, మాకు ఇంకో చిక్కు తగిలింది. ఈ రోజు ఏ తేదీయో మనం చెబితే తప్ప మోడల్‌కు తెలియదు. మేం చెప్పాం, కానీ సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. మనకన్నా ఐదున్నర గంటలు వెనక. అంటే తెల్లవారుజామున ఐదున్నర లోపు ఎవరైనా "ఈ రోజు" అంటే ఏజెంట్‌కు అది నిన్న. ఫోన్‌డెస్క్ గారిలాగా రాత్రి షిఫ్ట్ చేసేవాళ్లకే ఇది ఎదురవుతుంది, అందుకే పగలు పరీక్షించిన మాకు దొరకలేదు.

అమీర్‌పేట_విద్యార్థి · బుధవారం మధ్యాహ్నం 12:30

అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నాను. మా సార్ ప్రతి పారామీటర్‌కూ ఒక ఉదాహరణ ఇమ్మంటారు. మరి ఇక్కడ ఎవరూ ఉదాహరణల గురించి మాట్లాడటం లేదు. ఇవ్వాలా వద్దా? ఇంకో సందేహం కూడా. వినియోగదారులు తెలుగులో రాస్తారు కదా, వివరణలు కూడా తెలుగులోనే రాస్తే మోడల్‌కు బాగా అర్థమవుతుందా?

కొత్తగూడ_కోడర్ · బుధవారం మధ్యాహ్నం 1:10

ఉదాహరణ కథ నా దగ్గర ఉంది తమ్ముడూ. పిన్‌కోడ్ గడికి "ఉదాహరణకు 500081" అని రాశాను. మా ఆఫీసు పిన్, చేతికి అదే వచ్చింది. తర్వాత వారానికి మాదాపూర్ గిడ్డంగిలో ఊరంతటి పార్సెళ్లూ పోగయ్యాయి. వినియోగదారు పిన్ చెప్పని ప్రతిసారీ ఏజెంట్ నా ఉదాహరణనే నింపేసింది. దిల్‌సుఖ్‌నగర్ 500060కి వెళ్లాల్సినవి కూడా ఇక్కడికే వచ్చాయి.

పాతమాన్యువల్ · బుధవారం రాత్రి 9:00

ఇందులో ఉదాహరణ తప్పు సగమే. ఆ గడిని తప్పనిసరి అని పెట్టి ఉంటారు, అవునా? ఖాళీగా వదిలే దారి లేనప్పుడు మోడల్ ఏదో ఒకటి నింపుతుంది. మన ప్రభుత్వ దరఖాస్తుల్లో మధ్య పేరు తప్పనిసరి అంటే జనం ఒక చుక్క పెట్టి వచ్చినట్టు. పిన్ తెలియకపోతే ఏం చేయాలో వివరణలో రాయండి: "వినియోగదారు చెప్పకపోతే ఊహించవద్దు, అడగాలి." రూపం కూడా మాటల్లో చెప్పొచ్చు: ఆరు అంకెలు, మొదటిది సున్నా కాదు. అలా చెబితే అరువు తెచ్చుకోవడానికి అక్కడ అంకె ఉండదు. ఉదాహరణ నిజంగా కావాల్సింది రూపాన్ని మాటల్లో చెప్పలేని చోట. పైసల లెక్క అలాంటిదే.

ఇక తెలుగు సంగతి. నాకు తెలుగంటే ప్రాణం, అయినా వివరణలు ఇంగ్లిష్‌లోనే రాస్తాను. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు పడతాయి, టోకెన్లూ ఎక్కువే. పరిస్థితి మెరుగవుతోంది. 2024 మేలో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓతో పాఠాన్ని టోకెన్లుగా కోసే కొత్త టోకెనైజర్ తెచ్చినప్పుడు, ఒక తెలుగు నమూనాకు 159 టోకెన్లు పట్టేవి 45కు తగ్గాయని చూపించింది. అయినా ప్రతి అభ్యర్థనతోనూ వెళ్లే పాఠం కనుక పొదుపు చూసుకుంటాను. అయితే వినియోగదారు నోట వచ్చే మాటలను మాత్రం తెలుగులోనే ఉంచాలి. వాపసు, వెనక్కి, తిప్పి పంపండి, కల్, మొన్న, ఇవి అనువదిస్తే చచ్చిపోతాయి. ఇంగ్లిష్ వాక్యం మధ్యలో ఈ మాటలు అలాగే పెట్టండి.

రైలుపిచ్చి · గురువారం రాత్రి 12:15

నాది ఉద్యోగం కాదు, సరదా. ఇంట్లోవాళ్ల కోసం రైళ్ల సమయాలు చూసి చెప్పే చిన్న ఏజెంట్ చేసుకున్నాను. అమ్మ "హైదరాబాద్ నుంచి బెజవాడకు" అంటుంది. బెజవాడతో చిక్కే లేదు, ఊరి పేరు విజయవాడ అయినా స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ, మోడల్‌కు అది ముందే తెలుసు. హైదరాబాద్ దగ్గరే గొడవ. రైల్వే లెక్కలో హైదరాబాద్ అంటే నాంపల్లి, కోడ్ హెచ్‌వైబీ. అమ్మ లెక్కలో హైదరాబాద్ అంటే సికింద్రాబాద్. మా బాబాయికి కాచిగూడ.

వివరణలో ఇదంతా రాశాను, కొంత నయమైంది. అసలు మార్పు వచ్చింది ఎర్రర్ సందేశం మార్చాక. ముందు "చెల్లని కోడ్" అని మాత్రమే వచ్చేది. ఏజెంట్ అదే కోడ్‌తో మళ్లీ మళ్లీ తలుపు తట్టేది. ఇప్పుడు ఇలా వస్తుంది: "హైదరాబాద్ అన్నది స్టేషన్ కోడ్ కాదు. నాంపల్లికి హెచ్‌వైబీ, సికింద్రాబాద్‌కు ఎస్‌సీ, కాచిగూడకు కేసీజీ, లింగంపల్లికి ఎల్‌పీఐ. ఏ స్టేషనో ప్రయాణికుడిని అడిగి మళ్లీ పిలవండి." ఒక్కసారికే దారిలో పడుతుంది. తప్పు చేసినప్పుడు తప్ప అవసరం లేని విషయాన్ని ముందే వివరణలో కుక్కడం దేనికి, తప్పు చేసినప్పుడే చెబితే పోలేదా?

ఇరానీచాయ్_రెండు · గురువారం ఉదయం 8:30

ఈ దారం మొత్తంలో నాకు నచ్చిన మాట ఇదే. ఒక్క మినహాయింపు. తప్పు చేశాక చెప్పడం రైళ్ల సమయాలకు సరిపోతుంది. సొమ్ము జమచేశాక చెబితే ఏం లాభం?

తాళంచెవి · గురువారం మధ్యాహ్నం 3:40

భద్రత చూసేవాడిగా నాదీ ఒక మాట. వెనక్కి తీసుకోలేని పనికి వివరణలో "వీలు లేదు" అని రాయడం మంచిదే, కానీ అది తాళం కాదు. ఎంసీపీ 2025 మార్చి ప్రతిలో టూల్‌కు గుర్తులు పెట్టుకునే ఏర్పాటు వచ్చింది. చదవడమే తప్ప ఏమీ మార్చదని ఒక గుర్తు, ఉన్నదాన్ని చెరపవచ్చని ఒక గుర్తు, ఇలా. అవి సూచనలు మాత్రమే, నమ్మకమైన సర్వర్ నుంచి వస్తే తప్ప వాటి మీద ఆధారపడవద్దని ఆ ప్రమాణమే చెబుతుంది. ఒక హద్దు దాటిన సొమ్ముకు మనిషి ఆమోదం ఉండాలన్న నియమం మీ కోడ్‌లో ఉండాలి, వాక్యంలో కాదు.

రెండోది, బయటివాళ్ల టూల్స్ తెచ్చుకునేవాళ్లకు. మోడల్ వివరణను నమ్మకంగా చదువుతుందని పాతమాన్యువల్ గారు మురిసిపోయారు. అదే ప్రమాదం కూడా. రెండు అంకెలు కూడే టూల్ వివరణలోనే "ముందు ఫలానా ఫైలు తెరిచి ఇక్కడ పెట్టు, ఈ సంగతి వాడుకరికి చెప్పకు" అని దాచి రాయవచ్చని ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే భద్రతా సంస్థ 2025 ఏప్రిల్‌లో చూపించింది. దాన్ని టూల్ పాయిజనింగ్ అంటున్నారు. తెరమీద మనకు టూల్ పేరే కనబడుతుంది, మోడల్‌కు వివరణంతా కనబడుతుంది. తెచ్చుకున్న ప్రతి టూల్ వివరణనూ ఒకసారి చదవండి. తర్వాత అది మారితే తెలిసేలా నకలు ఉంచుకోండి.

నిర్వాహకులు · గురువారం సాయంత్రం 5:00

రెండు వ్యాఖ్యలు తొలగించాం. ఏ కంపెనీ మోడల్ గొప్పదన్న పోట్లాటకు వేరే దారం ఉంది.

కొత్తగూడ_కోడర్ · మరుసటి బుధవారం రాత్రి 10:20

ఆలస్యానికి మన్నించండి. వారమంతా ఇదే పని.

క్లయింట్ శిక్షణ కాగితం వచ్చింది. 11 పేజీలు. ఫోన్‌డెస్క్ గారు చెప్పినట్టే మా ఇంజనీర్లు ఒక్కరూ చూడలేదు. అందులోనుంచీ పాత చాట్లలోనుంచీ పేర్లూ నంబర్లూ చెరిపేసి 30 వాక్యాలు తీశాం. ఒక్కోదానికి ఏ టూల్ పిలవాలో, లేక ఏమీ పిలవకుండా అడగాలో కాగితం మీద రాసుకున్నాం. రాసుకుంటుంటేనే మాలో మాకే ఏడు చోట్ల అభిప్రాయం కలవలేదు. మనుషులకే తెలియనిది మోడల్‌కు ఎలా తెలుస్తుందని అప్పుడు వెలిగింది.

పార్సెల్ స్థితి టూల్స్ నాలుగూ కలిసి ఒకటయ్యాయి. అంతకుముందు అవి డేటాబేస్ వరుసను పూర్తిగా, మాకే అర్థంకాని గడులతో సహా తిరిగిచ్చేవి. ఇప్పుడు స్థితి, చోటు, చేరే తేదీ, డ్రైవర్ పేరు మాత్రమే ఇస్తుంది. అప్‌డేట్_డెలివరీ రెండయింది. పిన్ ఇప్పుడు తప్పనిసరి కాదు. సర్వర్ తేదీని మన సమయంలోకి మార్చి ఇస్తున్నాం. 500 రూపాయలు దాటిన జమకు మేనేజర్ ఆమోదం కోడ్‌లోనే పెట్టాం. ప్రాసెస్_రిటర్న్ అన్న పేరు పోయి రుసుము_జమ వచ్చింది.

పెద్ద మోడల్‌కు మారలేదు. 30లో ఇంకా తప్పేవి ఉన్నాయి, అందులో ఒకటి నాకు అంతు చిక్కడం లేదు. "డబ్బులు వాపసు ఇవ్వండి" అని స్పష్టంగా రాసినా ఏజెంట్ "సొమ్మా, పార్సెలా?" అని అడుగుతోంది. డబ్బులు అని చెప్పాను కదా అని జనం విసుక్కుంటారు.

పాతమాన్యువల్ · మరుసటి బుధవారం రాత్రి 10:50

అది నా తప్పే. "వాపసు అన్నప్పుడు ముందు అడగాలి" అని రాసి ఊరుకున్నాను. మోడల్ నా మాటను తు.చ. తప్పకుండా పాటించింది. ఇలా మార్చి చూడండి: "వినియోగదారు వాపసు అని, ఏది వాపసో చెప్పకపోతేనే అడగాలి. డబ్బు, రుసుము, పైసలు, పేమెంట్ అన్న మాటల్లో ఏదైనా ఉంటే అడగనక్కర్లేదు."

ఫోన్‌డెస్క్ · గురువారం ఉదయం 6:35

పైసలు అన్న మాట పెట్టారు, సంతోషం. తెలంగాణలో డబ్బును పైసలనే అంటారు. కానీ కోడర్ గారూ, మీ పారామీటర్ పేరు అమౌంట్_పైసల్లో కదా. "నా 300 పైసలు వాపసు ఇయ్యిండ్రి" అని ఎవరైనా రాస్తే?

కొత్తగూడ_కోడర్ · గురువారం ఉదయం 9:20

మూడు రూపాయలు పడతాయి.

టూల్ రూపాయల్లోనే తీసుకునేలా మార్చేస్తున్నాను, గేట్‌వేకు పంపేముందు వందతో గుణించే పని మా కోడ్‌ది. వివరణకన్నా ముందు టూల్‌నే మార్చాలని ఇరానీచాయ్ గారు మొదటిరోజు చెప్పిందే. ఈ వాక్యాన్ని 31వదిగా చేర్చి అన్నీ మళ్లీ నడుపుతున్నాను. ఇప్పుడు 11వది దగ్గర ఉంది.